పొరపాటున తెలుగు

పన్నెండో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, మా వీధి ఆడపిల్లలు ఇద్దరో ముగ్గురో నా గుమ్మం ఎక్కుతారు. చేతిలో ఫోను, ఫోనులో కాలేజీల జాబితా. "టీచర్, డి.ఎడ్.కు ఏ కాలేజీ మంచిది?" అని అడుగుతారు. చిన్న తరగతులకు పాఠం చెప్పాలంటే ఆ రెండేళ్ల చదువు ఉండాలి కదా. నేను జీవితమంతా ఆ చిన్న తరగతుల్లోనే సుద్దముక్కలు అరగదీసినదాన్ని కాబట్టి నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. చాయ్ ఇస్తాను, బిస్కెట్లు పెడతాను, సలహా మాత్రం ఇవ్వను. ముసలమ్మకు ఇంత పొగరేమిటని వాళ్లు అనుకునే ఉంటారు. పొగరు కాదు బిడ్డలూ, భయం. ఒకసారి ఒక పిల్లకు కాలేజీ ఎంచిపెట్టబోయాను. ఆ సంగతి చెబుతాను, విని మీ కాలేజీ మీరే ఎంచుకోండి.

నా ఉద్యోగం మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో, బొగ్గు గనుల పక్కనున్న తెలుగు బడిలో. రెండు గదులు, నాలుగు తరగతులు, ఇద్దరం టీచర్లం. గనుల్లోకీ కాగితం మిల్లులోకీ పనికొచ్చిన తెలుగువాళ్ల పిల్లలు నాలుగో తరగతి దాకా మా దగ్గర అఆలు దిద్ది, అయిదు నుంచి మరాఠీ బడికి పోయేవారు. నాతోటి పంతులు నాకంటే చాలా పెద్దాయన. నస్యం పీల్చి, గట్టిగా తుమ్మి, ఆ తర్వాతే ఎక్కాలు మొదలుపెట్టేవాడు. ఊళ్లో వార్తలన్నీ ముందు ఆయనకే తెలిసేవి. వాటిలో సగం ఆయన తుమ్ముతో పాటే ఎగిరిపోయేవి, అది వేరే సంగతి.

దేశం తలుపులు బార్లా తెరుచుకున్నాయని పేపర్లు రాస్తున్న రోజులవి. ఆ తలుపుల్లోంచి మా ఊరికి కేబుల్ టీవీ వచ్చింది, ఎస్టీడీ బూత్ వచ్చింది, రెండు ఇంగ్లీషు కాన్వెంట్లు వచ్చాయి. పిల్లలు ఒక్కొక్కరే మా హాజరు పట్టీలోంచి జారి కాన్వెంటు రిక్షా ఎక్కారు. టైలు కట్టుకుని మా బడి ముందునుంచి పోయే పిల్లలను చూసి పంతులు, "తెలుగు ఇడిసిపెట్టి తలుగు కట్టుకుండ్రు సూడు తల్లీ" అనేవాడు. పశువు మెడకు కట్టే తాడును మావైపు తలుగు అంటారు. నేను నవ్వేదాన్ని గానీ లోపల గుబులుగా ఉండేది. పంతులు ఇంకో రెండేళ్లలో రిటైరవుతాడు. ఆ కుర్చీలోకి తెలుగులో డి.ఎడ్. చదివిన మనిషి రాకపోతే బడి ఒంటికాలి మీద నిలబడుతుంది. నా తర్వాత ఆ కాలు కూడా ఉండదు.

ఆ గుబులుకు నేను కనిపెట్టిన మందు మా పాత విద్యార్థిని ఒకతె. గని కార్మికుడి కూతురు. నాలుగు దాకా మా దగ్గరే చదివింది. మరాఠీ బడికి పోయాక కూడా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, ఒకటో తరగతి పిల్లలను ముందేసుకుని కూర్చునేది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఒకరోజు కిటికీ అవతల నిలబడి విన్నాను. "మరాఠీ అచ్చరాలు తీగె మీద ఆరేసిన బట్టలురా. తెలుగు అచ్చరాలు కింద కూసోని ఆడుకునే పోరగాండ్లు. గందుకే వీటి మీద గీత గీయొద్దు" అని చెబుతోంది. నేను అన్నేళ్లు చెప్పీ ఆ ముక్క నాకెప్పుడూ తోచలేదు. ఆ క్షణంలోనే పంతులు కుర్చీలో ఆ పిల్లను కూర్చోబెట్టేశాను, నా మనసులో.

అయితే ఎనిమిదేళ్ల మరాఠీ చదువు ఊరికే పోతుందా? మరాఠీ రాతలో ఎకారానికి పొట్టీ పొడుగూ తేడా లేదు. పన్నెండు పాసై నా దగ్గరికి తెచ్చిన కాగితంలో "నా భాష తేలుగు" అని రాసుకుంది. "తేలు కుట్టినట్టుంది బిడ్డా" అన్నాను. నాలుక కరుచుకుని అక్కడికక్కడే దిద్దుకుంది.

మహారాష్ట్రలో ఆడ టీచర్ని పిల్లలూ పెద్దలూ "బాయి" అంటారు. మా తెలుగులో బాయి అంటే బావి, బొగ్గు గని కూడా బాయే. ఆ పిల్ల తండ్రికి ఈ రెండు బాయిలను కలిపి మాట్లాడటం సరదా. "నేను బాయిల దిగి బతికిన టీచరమ్మా. నా బిడ్డ బళ్లె బాయి గావాలె. బాయిల మనిషికి బాయి పుట్టిందని మావోళ్లు నవ్వాలె" అనేవాడు. ఆయనకు చదువు రాదు. కాలేజీ సంగతి మొత్తం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరు ఏది జెప్తె గది" అన్నాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను తప్ప, అదెంత బరువో చూసుకోలేదు.

మాకు అందుబాటులో ఉన్నవి రెండు కాలేజీలు, రెండూ మరాఠీ మాధ్యమమే. చంద్రపూర్‌లోది దగ్గర, పేరు మంచిది, పొద్దున బస్సులో పోయి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. వరోరాలోది దూరం, కోడి కూయకముందే లేచి రైలు పట్టాలి. పిల్లకు వచ్చిన మార్కులకు చంద్రపూర్‌లో సీటు ఖాయం. బుద్ధున్న మనిషి ఎవరైనా అక్కడితో ఆగుతారు. నాకు మాత్రం తెలుగులో శిక్షణ పొందిన టీచరు కావాలి, తెలుగు బడిలో వాళ్లనే వేస్తారు. అందుకని ఒకరోజు సెలవు పెట్టి, ఆ పిల్లను వెంటబెట్టుకుని కాజీపేట వైపు పోయే రైలెక్కాను. సరిహద్దు దాటాక ఒక తెలుగు ఊళ్లో టీచర్ల శిక్షణ కాలేజీ ఉందని విన్నాను.

ఆ ప్రయాణం ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మహారాష్ట్ర దాటగానే పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని ప్రతి స్టేషను బోర్డూ, ప్రతి గోడ మీది ప్రకటనా కూడబలుక్కుని చదివింది. పురుగుమందు, సిమెంటు, సబ్బు, ఏదీ వదల్లేదు. "టీచర్, ఈడ అంత మనదే రాసున్నది" అంది. మా నాయన మిల్లు పనికి వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడ్డాడు, నేను అక్కడే పుట్టాను. ఊరంతా మన అక్షరాలే ఉండే చోట బతకడం ఎలా ఉంటుందో నాకూ తెలియదు.

కాలేజీలో గుమాస్తా మా సర్టిఫికెట్లు తిరగేశాడు. "గివన్ని మహారాష్ట్ర చదువులమ్మా. సీట్లు ఈడ చదివిన లోకల్ పిల్లలకే. మీరు నాన్ లోకల్" అన్నాడు. ఆపైన మమ్మల్ని సంతోషపెడదామని కాబోలు, "అయినా మీకు తెలుగు మంచిగనే వస్తదే!" అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలుకు నా ఒళ్లు మండింది. బల్లార్‌పూర్‌లో మేం తెలుగోళ్లం, అక్కడికి పోతే మహారాష్ట్రోళ్లం. తిరుగు రైల్లో పిల్ల బోర్డులు చదవలేదు.

ఇక చంద్రపూర్‌కే ఫారం నింపుదామనుకుంటుండగా పంతులు ఒక వార్త మోసుకొచ్చాడు. "ఈ ఏడు చంద్రపూర్ల డి.ఎడ్.కు తెలుగు తుకడీ ఒకటి తెరుస్తరట తల్లీ. ఫారంల తెలుగు అని అడిగెటోళ్లు ఉంటేనే తెరుస్తరట." తుకడీ అంటే మరాఠీలో తరగతిలో ఒక సెక్షను. ఎవరు చెప్పారని అడిగితే చాయ్ దుకాణంలో ఎవరో అనుకుంటున్నారన్నాడు. ఆయన వార్తల సంగతి నాకు తెలియనిదా? అయినా ఆకలిగా ఉన్నప్పుడు పక్కింటి పొయ్యి పొగ కూడా మన వంటలాగే కనిపిస్తుంది. నమ్మేశాను.

ఫారం నింపడానికి తండ్రీ కూతుళ్లు మా ఇంటికి వచ్చారు. తనే నింపుతానంది పిల్ల. "కొట్టివేతలుంటె పక్కకు పెడతరు, నీ రాత గజిబిజి" అని నేనే లాక్కున్నాను. కాలేజీల వరుస అడిగిన చోట ఒకటి చంద్రపూర్, రెండు వరోరా అని రాశాను. మాతృభాష గడిలో తెలుగు అని రాశాను. దాని పక్క గడి, శిక్షణ కోరే మాధ్యమం. పిల్ల అప్పుడు మంచినీళ్లకు లోపలికి పోయింది. తండ్రి నా పెన్ను వంక భక్తిగా చూస్తున్నాడు. ఆ గడిలో కూడా తెలుగు అనే రాశాను. కింద, ఫారం నింపినవారి సంతకం దగ్గర నా పేరు రాసి బడి ముద్ర వేశాను.

పిల్ల నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఏం రాశానో చెప్పలేదు. చెబితే వద్దంటుందేమోనని భయం. అప్పుడు దాన్ని భయం అనుకోలేదు, పెద్దరికం అనుకున్నాను.

జాబితా పెట్టిన రోజు ముగ్గురం చంద్రపూర్ పోయాం. తండ్రి షిఫ్టు మానుకుని, పెళ్లిళ్లకు దాచుకున్న తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కార్యాలయం గోడ మీద కాగితాలు అంటించి ఉన్నాయి. పిల్ల వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది, మళ్లీ కిందినుంచి పైకి చూసింది. తనకంటే తక్కువ మార్కులొచ్చిన తన క్లాసు పిల్ల పేరు దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

"నా పేరు లేదు నాయినా."

"మంచిగ సూడు బిడ్డా. గింత పెద్ద కాయితం, ఏడనో ఓకాడ ఉంటది" అన్నాడు తండ్రి. తర్వాత నావైపు తిరిగాడు. "టీచరమ్మా, జర మీరు సూడుండ్రి."

నేను చూడలేదు. ఆ పేరు ఎక్కడ పోయిందో నాకు తెలుసు. "ఈడనే ఉండుండ్రి, అడిగొస్త" అని లోపలికి పోయాను.

లోపల పెద్ద గుమాస్తా ఉన్నాడు. మరాఠీ ఆయన, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడేవాడు. మా మాటలన్నీ మరాఠీలోనే జరిగాయి. సంగతి చెప్పగానే ఆయన వెతకనైనా లేదు, బీరువా అడుగునుంచి ఒక కట్ట తీశాడు. కట్ట అనకూడదు. దారం చుట్టిన ఒకే ఒక్క ఫారం. పైన చీటీ మీద "ఇతర మాధ్యమాలు" అని రాసి ఉంది.

"ఇది మీదేనా బాయి? ఎవరిదో అనుకున్నాం. ఈ జిల్లాలో తెలుగు తుకడీ ఎక్కడుంది?"

"తెరుస్తారని విన్నాను."

"ఎక్కడ విన్నారు?"

చాయ్ దుకాణం పేరు ఎలా చెప్పను? ఆయన తిట్టలేదు, గడియారం చూశాడు. అభ్యంతరాలకు ఆ రోజు సాయంత్రం దాకానే గడువట. ఫారం నింపినవారే తమ చేత్తో అర్జీ రాసిస్తే మాధ్యమం మార్చి పేరు ఎక్కించే వీలుందట. తెల్ల కాగితం నా ముందుకు తోశాడు.

"కారణం రాయండి. చుకూన్ అని రాయండి చాలు."

చుకూన్ అంటే మరాఠీలో పొరపాటున. మాతృభాష గడి, మాధ్యమం గడి పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి చెయ్యి తప్పిందంటే ఎవరైనా నమ్ముతారు. నాకు తప్పించుకునే దారి తెరిచే ఉంచాడు ఆ పుణ్యాత్ముడు. నాకేమో ముక్కు మీదే కోపం.

"నేను పొరపాటున రాయలేదు. తెలిసే రాశాను. మాకు టీచరు కావాలని రాశాను. మా బడి మూతపడకూడదని రాశాను" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

ఆయన కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. "బాయి, నాకు అర్థమైంది. కానీ పొరపాటైతే దిద్దడానికి నియమం ఉంది. కోరికకు నియమం లేదు. కారణం అన్న చోట కోరిక రాస్తే ఆ పిల్లకు ఒక ఏడాది పోతుంది."

తలుపు దగ్గర అలికిడైతే తిరిగి చూశాను. తండ్రీ కూతుళ్లు నిలబడి ఉన్నారు. పిల్లకు మరాఠీ నాకంటే బాగా వచ్చు. మొత్తం విన్నది.

కాగితం మీదికి వంగాను. మరాఠీలో రాశాను. "ఈ విద్యార్థిని ఫారంలో మాధ్యమం గడిలో నేను పొరపాటున తెలుగు అని రాశాను. దానిని కొట్టివేసి మరాఠీ అని చదువుకోగలరు." రెండే వాక్యాలు. నా ఉద్యోగంలో ఎన్ని కాగితాలు రాశానో లెక్కలేదు, ఇంత సేపు పట్టిన కాగితం ఇంకోటి లేదు. ఆయన ఎర్ర పెన్నుతో ఫారంలో తెలుగు మీద ఒక గీత గీశాడు. అక్షరాల మధ్యలోంచి, స్కేలు పెట్టినంత తిన్నగా.

సీటు వచ్చింది, కానీ చంద్రపూర్‌లో కాదు. అక్కడ సీట్లన్నీ నిండిపోయాయి, జాబితాకెక్కిన పేర్లు తీసేయడానికి వీల్లేదు. వరోరాలో ఉంది. "కావాలా, వద్దా?" అని ఆయన అడిగాడు. అలవాటు ప్రకారం తండ్రి నావైపు చూశాడు. నేను పిల్లవైపు చూశాను. పిల్ల ముందుకొచ్చి, "కావాలి" అని మరాఠీలో తనే చెప్పి, తనే సంతకం చేసింది.

బయటికొచ్చాక తండ్రికి అంతా చెప్పాను. మధ్యలో దాచలేదు, చివర ఏడ్చాను కూడా. ఆయన తెల్ల చొక్కా చేతులు మడుచుకుంటూ విన్నాడు. "బాయిల ఎవ్వడన్న తొవ్వ తప్పితె లైటు కొట్టి పిలుస్తం టీచరమ్మా. తిట్టుకుంట కూసోము. మీరే పోతిరి, మీరే లైటు కొడితిరి. ఇగ నడువుండ్రి, బస్సు పోతది" అన్నాడు.

పిల్ల మాత్రం బస్సులో నా పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తూనే ఉంది. బల్లార్‌పూర్ వచ్చింది, దిగాం, తండ్రి ముందు నడుస్తున్నాడు. అప్పుడు నా కొంగు పట్టి ఆపింది.

"టీచర్, మీరు నన్ను అడిగుంటె నేను గూడ తెలుగే రాయమంటుంటి."

నేను ఆమె మొహంలోకి చూశాను.

"గాని అడగాల్సుండె" అంది.

రెండేళ్లు ఆ పిల్ల తెల్లవారుజామున వరోరా రైలెక్కింది. మా ఇల్లు పట్టాలకు దగ్గర. ఆ పాసింజరు కూత వినగానే నాకు మెలకువ వచ్చేది, వరోరా చేరేదాకా మళ్లీ కన్ను అంటుకునేది కాదు. ఆమె డి.ఎడ్. పాసయ్యే నాటికి పంతులు రిటైరయ్యాడు. ఆమెది మరాఠీ శిక్షణ కావడంతో ఆ కుర్చీ ఆమెకు ఇవ్వలేదు, ఇంకెవరూ రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు మా బడిని ఎత్తేసి, మిగిలిన పిల్లలను మరాఠీ బడిలో కలిపారు. నన్నూ అక్కడికే పంపారు. అక్కడ పిల్లలు నన్ను "బాయి" అని పిలిచేవారు, మర్యాదగానే. కానీ మధ్యాహ్నం గంట కొట్టగానే రెండు గదుల్లోంచి ఒకేసారి "టీచర్, పోతున్నం" అని అరిచే ఆ గోల కోసం చెవులు వెతుక్కునేవి. ఇప్పుడూ వెతుక్కుంటాయి, దాచుకోవడమెందుకు.

ఆ పిల్ల ఇప్పుడు పిల్ల కాదు. సరిహద్దు పక్కనున్న కోర్పనా దగ్గర ఒక పల్లెలో మరాఠీ బడి టీచరు. చుట్టూ పత్తి చేలు, సున్నపురాయి తవ్వే చోట్లు. పోయినేడు దీపావళి సెలవుల్లో వచ్చింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది. వాళ్ల నాయన పోయేదాకా కనబడ్డవాడికల్లా, "బాయిల మనిషికి బాయి పుట్టింది" అని చెప్పుకున్నాడట.

"పిల్లలు ఎట్లున్నరు?" అని అడిగాను.

"శానమంది మనోళ్లే టీచర్. ఇంట్ల తెలుగు, బళ్లె మరాఠీ. ఒకటో తరగతికొచ్చిన కొత్తల గోడకు అతుక్కోని కూసుంటరు, నోరు ఇప్పరు."

"మరి ఏం జేస్తవ్?"

ఆమె నవ్వింది. "పాఠం మరాఠీలనే చెప్త. మధ్యల చుకూన్ తెలుగు వస్తది. 'గిటు సూడుండ్రి బిడ్డా' అంట. అంతే, గోడకున్న తలకాయలన్ని ఒక్కసారి లేస్తయి."

"ఆఫీసరు వచ్చి అడుగుతె?"

"చుకూన్ వచ్చింది సార్, అంట. పొరపాటైతె రూలు ఉన్నది గదా. మీ దగ్గరనే నేర్చుకున్న."

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఇంకోటి వచ్చింది. "గా పొరపాటు రోజు జేస్తవా?" అన్నాను.

"రోజు ఒక్కపారన్న" అంది.

పోయేటప్పుడు, "ఒకనాడు మా బడికి రాండ్రి టీచర్" అని చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. ఇంకా పోలేదు. మోకాళ్ల నొప్పులని ఫోనులో చెబుతున్నాను గానీ అసలు సంగతి అది కాదు. నేను పోయి కూర్చుంటే ఆమె నా కోసం కావాలని తెలుగు మాట్లాడుతుంది. కావాలని రాసిన తెలుగు ఏమైందో నేను చూశాను. నాకు వినాలనున్నది పొరపాటున వచ్చే ఆ ఒక్క మాట. వెనకటిలాగా కిటికీ అవతల నిలబడి, నేనున్నానని ఆమెకు తెలియకుండా, ఆ తలలు లేవడం చూడాలని ఉంది. కోర్పనా పోయే బస్సు రోజూ పొద్దున మా వీధి చివర ఆగుతుంది. అది కదిలిపోయేదాకా అక్కడే నిలబడి చూస్తాను, ఆ తర్వాత ఇంటికి వచ్చి చాయ్ పెట్టుకుంటాను.